రెండు వందల తొమ్మిదో పేజీ

పాలకేంద్రం,
జూలై 8

బావగారికి,

నాలుగు రోజులుగా వాన వదలడం లేదు. పొద్దున నలభై క్యాన్లు రావాల్సింది ఇరవై ఎనిమిదే వచ్చాయి. మలుపు దగ్గర వ్యాను బురదలో దిగబడితే నలుగురం కలిసి తోశాం. కొత్త గడ్డి మేసి పశువులు పలచటి పాలు ఇస్తున్నాయి. వెన్న తగ్గిందని రాస్తే జనం నా మీదికొస్తున్నారు, గడ్డి నేనే మొలిపించినట్టు.

అక్క శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. దారిలో తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని, ఒక సంచీ భుజాన వేసుకుని వచ్చింది. "ఎన్నాళ్ళుంటావక్కా" అని మామూలుగానే అడిగాను. "బరువైతే చెప్పు, ఇప్పుడే పోతాను" అంది. ఏమైందని అడిగితే సంచీలోంచి ఒక నవల తీసి నా చేతిలో పెట్టి "ఇది చదువు" అంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇవాళ్టికి అయిదు రోజులైంది. మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు, మనిషీ రాలేదు. తిరిగి పంపించాలో ఉంచుకోవాలో మీరు చెబితే తెలుస్తుంది.

మన అలవాటు మానడం ఎందుకని, ఇప్పుడు చదువుతున్నదేమిటో కూడా రాస్తున్నాను. బైండింగుకని లైబ్రరీ వాళ్ళు మీ షాపుకి పంపే నవలలు మనం ముగ్గురం చదివాకే కదా తిరిగి వెళ్ళేది. ఈసారి అక్క తెచ్చినదాని పేరు పేజీ ఎప్పుడో పోయింది. నాలుగు వందల పేజీలు. ఒకావిడ రేవులో పడవ నడుపుతుంటుంది. మొగుడు పది మందిలో ఒక మాట అంటాడు. రెండు వందల ఎనిమిదో పేజీ చివర "ఆమె తలుపు దగ్గరగా వేసి, ఒక్క క్షణం ఆగి" అని ఉంది. పక్క పేజీ మొదట్లో "తట్ట నెత్తికెత్తుకుని ఉప్పుమడుల వైపు నడిచింది." అక్కడినుంచి ఆమె ఉప్పుమడుల్లో కూలి. పేరు కూడా మార్చుకుంది. ఎందుకు మార్చుకుందో, పడవ ఏమైందో రచయిత ఎక్కడా చెప్పడు. ఇల్లు వదిలిన మనిషికి పాత పేరుతో పనేముంది! ఆ సంగతి చెప్పకుండా వదిలేయడమే గొప్ప. నాకు బాగా నచ్చింది. అక్కతో ఈ మాటే అంటే నా వైపు అదోలా చూసి గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

మీ బావమరిది


బైండింగు షాపు,
జూలై 15

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

వానకి ఇక్కడ మైదా జిగురు ఆరడం లేదు. అట్టలు వంకర తిరుగుతున్నాయి. ఒక్కణ్ణే మడవాలి, కొయ్యాలి, అతకాలి. అయినా నీ ఉత్తరం చదివి నవ్వాను.

ఒరే ఎద్దూ, అది ఒక నవల కాదు, రెండు. రేవుది ఒకటి, ఉప్పుమడులది ఒకటి. ఆమె పేరు మార్చుకోలేదు, ఆమే వేరు! రెండు వందల పేజీలు ఇంకో ఆడమనిషి కథ చదివి రచయిత గొప్పవాడంటావా? ఇరవై ఏళ్ళుగా పాలలో నీళ్ళు పట్టేవాడివి, నవలలో నవల కలిస్తే పట్టలేకపోయావు.

ఏం జరిగిందో చెబుతాను విను. లైబ్రరీ నుంచి రెండు లావు నవలలు వచ్చాయి. ఒకే కొలత, ఒకే కాగితం, రెండూ నాలుగు వందల పేజీలే. వీపు ఊడిపోతే విప్పి కుట్టమన్నారు. విప్పడం, అంచులు కొయ్యడం, అట్ట వెయ్యడం నా పని. ఫారాలు, అంటే పదహారు పేజీల మడతలు, వరస పెట్టి కుట్టడం మీ అక్క పని. పదమూడు ఫారాలయ్యాక ఒక నవల మడతలు తీసి ఇంకో నవలకి కుట్టి పెట్టారు. ఇందులో ముందు సగం అందులోకి, అందులో ముందు సగం ఇందులోకి. లైబ్రరీ ఆవిడ ఇద్దరు పాఠకులని వెంటబెట్టుకుని షాపుకే వచ్చింది. సంవత్సరం పని అంతా నాకు ఇవ్వాలా, ఇంకొకరికి ఇవ్వాలా అని ఆలోచిస్తున్నానంది. నేను ఉన్న సంగతి చెప్పాను. దానికి మీ అక్కకి పౌరుషం వచ్చింది. చేతిలో సూది అక్కడే పెట్టి, ఒక పుస్తకం సంచీలో వేసుకుని బస్సెక్కింది.

రెండో పుస్తకం ఇక్కడ ఉంది. ముందు సగం ఉప్పుమడులు, వెనక సగం రేవు. రెండూ కలిస్తే తప్ప సరిచెయ్యలేను. ముందు పుస్తకం పంపు. దాని వెనకాలే మీ అక్కని పంపు.

బావ


పాలకేంద్రం,
జూలై 24

బావగారికి,

ఎద్దునని రాశారు. సరే. కానీ ఎద్దు చేత ఆ పుస్తకం చదివించింది కుట్టిన మనిషి కాదా? అక్క ఎందుకు చదవమందో ఇప్పుడు అర్థమైంది. నా అంతట నేను కనిపెడతానని అనుకుంది. కనిపెట్టలేదు, అది నా తప్పు. ఆ అదోలా చూపు నాకు దక్కాల్సిందే.

మీ ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. "ఉన్న సంగతి చెప్పాను" దగ్గర ఆగమంది. ఆ ఉన్న సంగతేమిటో మీరు రాయలేదుగా. అక్క చెప్పింది. "మా ఆవిడ కుట్టిందండీ. ఆవిడకి చదువు తక్కువ. అంకెలు చూసి కుడుతుంది, కథ తెలీదు." ఇవే కదా మీ మాటలు? లైబ్రరీ ఆవిడ ముందు, ఇద్దరు పాఠకుల ముందు.

మీ షాపుకి వచ్చిన ప్రతి నవలా మీకన్నా ముందు చదివింది ఎవరు? మీరు సగం చదివి పక్కన పెడితే, భోజనం దగ్గర మిగతా కథ మీకు చెప్పింది ఎవరు? అది విని మీరు నాకు రాసేవారు, మీరే చదివినట్టు. ఆ సంగతి నాకు ఏనాడో తెలుసు. పెద్దవారని ఊరుకున్నాను.

అక్క ఒకటే అంటోంది. "ఎవరి ముందు అన్నాడో వాళ్ళ ముందే అది తప్పని చెప్పాలి. అప్పుడు చూద్దాం." ఇందులో నేను కలిపింది ఒక్క చుక్క లేదు. ఆ మాట చెబితే అక్క వస్తుందో రాదో, చెప్పకపోతే మాత్రం రాదు.

పుస్తకం కూడా రాదు. ఇప్పుడు చదువుతున్నది ఉప్పుమడుల నవల చివరి భాగం, రెండోసారి. ముగింపు చాలా బాగుంది. మీకు చెప్పను.

మీ బావమరిది


బైండింగు షాపు,
ఆగస్టు 3

బావమరిదికి,

ముగింపు దాచుకుని బెదిరిస్తున్నావా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నీ వ్యవహారం. రేవు నవల ముగింపు నా దగ్గరుందని మర్చిపోయావు. నేను నీలా కాదు, చెబుతాను. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిన ఆ పడవ మనిషి అవతలి ఒడ్డున మూడు నెలలు పడి, ఎవరూ పట్టించుకోక, చివరికి తన పడవలోనే తిరిగి వచ్చి మొగుడి గడప తొక్కింది. "మాట పట్టింపుకి పోయాను" అంది. కథ అయిపోయింది. రచయిత లోకం తెలిసినవాడు. మీ అక్కకి చదివి వినిపించు. అలవాటే కదా నీకు.

ఇక తప్పు మాట. సూది పట్టింది ఎవరు? ఆ షాపులో ఇరవై రెండేళ్ళుగా కుట్టు మీ అక్కది. కుట్టులో తప్పు వస్తే కోత కోసినవాడి పేరు చెప్పాలా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఇప్పుడు నా నోటి మీద పడ్డారు అక్కాతమ్ముళ్ళు. చదువు తక్కువ అన్నాను. ఏడో తరగతి తక్కువ కాకపోతే ఎక్కువా? నేను పది చదివాను. లెక్క ప్రకారం అన్నాను.

లైబ్రరీ ఆవిడ సోమవారం మళ్ళీ వచ్చింది. ఆ రెండు పుస్తకాల కోసం పద్నాలుగు మంది వరసలో ఉన్నారట. ఈసారి కుర్చీ వేసినా కూర్చోలేదు.

ఈ మధ్య చదువుతున్నది ఏమీ లేదు. చదవడానికి తీరిక ఎక్కడిది? మడవడానికి నేనే, కుట్టడానికి నేనే.

బావ


పాలకేంద్రం,
ఆగస్టు 14

బైండరు గారికి,

వాన తెరిపి ఇచ్చింది. ఎండ కాస్తే పాలు విరుగుతాయని క్యాన్ల మీద తడి గోనెలు కప్పుతున్నాం. మధ్యాహ్నం తీరిక దొరికింది. ఆ తీరికలో చదవడానికి కాకుండా చూడడానికి పుస్తకం తీశాను.

మొదటిది. ప్రతి పేజీ పైన నవల పేరు అచ్చు వేసి ఉంటుంది. ఇందులో లేదు. వెలుతురుకి పెట్టి చూస్తే పై అంచున అక్షరాల కాళ్ళు మిగిలాయి, తలలు పోయాయి. అంచు కొయ్యడం నీ పని అని నువ్వే రాశావు. తలలు కోసేసి, పోల్చుకోలేదని ఎదుటి మనిషిని అంటావా?

రెండోది. మా ఇంట్లో అక్క కుట్టిన పుస్తకాలు తొమ్మిది ఉన్నాయి. మా అమ్మకిచ్చిన పాటల పుస్తకం దగ్గర్నుంచి నా పాల లెక్కల రిజిస్టరు దాకా. అక్కది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఎడమచేత్తో తిన్నందుకు ఎన్ని దెబ్బలు తిందో నేను చూశాను. తొమ్మిదింటిలోనూ ఆఖరి ముడి ఎడమ పక్కకి పడింది, దారం కొస లోపలికి దోపి ఉంది. ఈ పుస్తకంలో ముడి కుడి పక్కన ఉంది. కొస బయటికే, కత్తెర వేసి వదిలేశారు. అక్కని అడగలేదు. పుస్తకాన్నే అడిగాను.

ఇది అక్క చేతి కుట్టు కాదు బావా. ఆ షాపులో ఉన్నది రెండు చేతులు. ఇంకో చెయ్యి ఎవరిదో నాకన్నా నీకే బాగా తెలుసు. సూది కోసం సోదికెళ్తే పాత బాగోతం బయటపడ్డట్టు, "సూది పట్టింది ఎవరు" అని అడిగావు కదా, చెప్పు మరి!

ఇక నీ ముగింపు. రాత్రి భోజనం దగ్గర అక్కకి చెప్పాను, పడవ మనిషి తిరిగొచ్చి గడప తొక్కిందట అని. అక్క కూర వడ్డిస్తూ "ఆహా" అంది. అంతే. నాకు తెలిసినంతవరకు విప్పకముందే రెండు నవలలూ మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషి ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే.

బావమరిది


బైండింగు షాపు,
ఆగస్టు 25

పాలకేంద్రం గుమాస్తాకి,

పాలు కొలిచేవాడు ముడులు కొలవడం మొదలుపెట్టాడు! బాగుంది. 'నువ్వు' అని కూడా రాశావు. అదీ చూశాను.

నేనూ ఒకటి చూశాను. మొన్న మీ పాల వ్యాను డ్రైవరు తన ట్రిప్పుల పుస్తకం బైండింగుకని మా షాపుకి వచ్చాడు. కులాసాగా చెప్పాడు. "పొద్దున అయిదింటికి కేంద్రం తలుపు తీసేది మీ ఆవిడేనండీ. పాలు పరీక్ష చేసేదీ ఆవిడే, రిజిస్టరు రాసేదీ ఆవిడే. మీ బావమరిది ఎనిమిదింటికి టీ తాగి వస్తాడు. ఒళ్ళు కూడా చేశాడు." విన్నావా? ఒంటరిగా బతికేవాడివి, వేళకి తిండి పెట్టే మనిషి దొరికింది, పని చేసిపెట్టే మనిషి దొరికింది. ఇంక పంపించడానికి నీకు చెయ్యి ఎందుకు వస్తుంది? అక్క మర్యాద, అక్క మర్యాద అని ఉత్తరాలు రాసేది ఇందుకా? నీ రిజిస్టరు కుట్టింది ఆవిడే, ఇప్పుడు రాసేదీ ఆవిడే అన్నమాట.

ముడి ఎవరిదైతే ఏం, నీకు చెప్పాల్సిన అవసరం నాకు లేదు. చెప్పాల్సిన మనిషి వేరు. ఇందులో నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి ఉంది. మీ అక్క చేతికి ఇవ్వు. నువ్వు విప్పకు. విప్పితే తెలుస్తుంది, మడత పెట్టడం నా వృత్తి.

బావ


పాలకేంద్రం,
సెప్టెంబరు 5

బావకి,

చీటీ అందింది. అక్క ఏమీ అనలేదు.

డ్రైవరు చెప్పింది నిజమే. అక్కే చేస్తానంది, చేస్తోంది. అక్క వచ్చాక కేంద్రంలో కొట్లాటలు తగ్గాయి. ముసలివాళ్ళు వచ్చి "అమ్మాయీ, నా పాలు ఎంత వచ్చాయి" అని అడిగి, ఎంత చెబితే అంతకి తల ఊపి వెళ్తున్నారు. నేను చెబితే ముగ్గురు చుట్టాలని తీసుకొచ్చేవాళ్ళు. ఇక్కడ ఆవిడకి చదువు తక్కువని ఎవరూ అనలేదు.

నేను లావయ్యానన్నది అబద్ధం.

అక్క ఇప్పుడు చదువుతున్నది మా పశువుల డాక్టరు ఇచ్చిన నవల. ఒకడు బావి తవ్వుతుంటాడు, నీళ్ళు పడవు. నేను ఏమీ చదవడం లేదు.

బావమరిది


బైండింగు షాపు,
సెప్టెంబరు 16

బావమరిదికి,

నీ ఉత్తరంలో ఒక మాట తేడాగా ఉంది. "అందింది" అన్నావు, "ఇచ్చాను" అనలేదు. నేను పదో తరగతివాణ్ణి, అంత తేడా తెలుస్తుంది. ఇచ్చావా లేదా?

ఇచ్చినా ఇవ్వకపోయినా, నేను చెయ్యాల్సింది చేశాను. సోమవారం షాపు మూసి లైబ్రరీకి వెళ్ళాను. ఆవిడ బల్ల దగ్గర ఆరుగురు ఉన్నారు. ఆ ఇద్దరు పాఠకుల్లో ఒకాయన పత్రిక చదువుతూ అక్కడే ఉన్నాడు, రెండో ఆయన రాలేదు. వచ్చేదాకా గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను. వచ్చాక లేచి చెప్పాను. "ఆ పుస్తకాలు కుట్టింది నేను. మా ఆవిడ కాదు. ఆవిడ కుడితే తప్పు రాదు. ఆవిడ అన్నీ చదివే కుడుతుంది." ఆ పత్రికాయన "దీనికి గంటన్నర ఎందుకండీ, రాగానే చెప్పెయ్యాల్సింది" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఎలాగుంటుందో నీకు తెలీదులే.

లైబ్రరీ ఆవిడ నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని నన్ను రెండు మాటలు అంది. మొదటిది, నవలలు రెండూ సరిచేసి తెస్తే తప్ప కొత్త పని మాట ఎత్తొద్దు అని. రెండోది నీకు అక్కర్లేదు.

మీ అక్క పెట్టిన షరతు తీరింది. లైబ్రరీకి వెళ్ళినట్టు ఆవిడకి చెప్పు. ఈ ఉత్తరమైనా చేతికి ఇవ్వు. నేను బతిమాలడం లేదు. అడుగుతున్నాను.

బావ


పాలకేంద్రం,
సెప్టెంబరు 30

బావగారికి,

మీ ఉత్తరం ఇరవయ్యో తేదీన వచ్చింది. అక్కకి ఇవ్వలేదు. చీటీ కూడా ఇవ్వలేదు. రెండింటికీ కారణం డ్రైవరు మాట విని మీరు రాసిందే. అంతకన్నా ఎక్కువ రాయలేను.

చీటీని ఆ నవలలో రెండు వందల ఎనిమిది, తొమ్మిది పేజీల మధ్య పెట్టాను. అక్క చదవడం ఎప్పుడో అయిపోయింది, ఇంక తెరవదనుకున్నాను. ఆదివారం సాయంత్రం పాలు వ్యాను ఎక్కించి వచ్చేసరికి అక్క వరండాలో చాప వేసుకుని కూర్చుంది. బ్లేడు పెట్టి ఆ నవల కుట్లు ఒక్కొక్కటే తెంచుతోంది. రెండు సగాలూ విడదీయడానికట. "మీరిద్దరూ పోట్లాడుకుంటూ కూర్చుంటే, ఆ పద్నాలుగు మంది ఎన్నాళ్ళు ఎదురు చూస్తార్రా" అంది. మీ ఉత్తరాలు నేను ఇప్పుడు చదివి వినిపించకపోయినా, ఆ పద్నాలుగు మంది సంగతి అక్కకి గుర్తుంది. ఆగస్టులో నేనే చదివి వినిపించాను.

ఆ మాట అంటుండగానే పదమూడో ఫారం విడింది. చీటీ ఒళ్ళో పడింది.

విప్పి చదివింది. తర్వాత నా చేతికిచ్చింది. అప్పుడు చదివాను, అంతకుముందు విప్పలేదు. "అప్పుడు నీ వేలికి సూది దిగి చీము పట్టింది. మిగిలినవి నేను కుట్టాను. తొందరలో కలిపేశాను. తెలిసే నీ పేరు చెప్పాను. రా." ఇంతే ఉంది.

"ఎప్పటిది" అని అడిగింది. నెల అయిందన్నాను. "దాచడానికి మంచి చోటే చూశావు" అంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మీ ఉత్తరాలన్నీ తెమ్మంది. ఇచ్చాను. లైటు కింద కూర్చుని వరసగా చదివింది. ఎద్దు దగ్గర నవ్వింది. ఆఖరిది చదివేటప్పుడు చాలాసేపు పట్టింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. అన్నీ పేర్చి, అంచులు సమానంగా తట్టి నా ముందు పెట్టింది.

"ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళే" అంది.

"ఉండిపో అక్కా" అన్నాను. మూడు నెలల్లో ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. "నీ పాలు నువ్వు కొలుచుకో. అయిదింటికి లే" అంది.

సోమవారం పొద్దున పాలు తీసుకుంది, రిజిస్టరు రాసింది, గీత గీసి కింద నా పేరు రాసింది. విడదీసిన ఫారాలు తువ్వాలులో చుట్టుకుంది. ఆరూపావు వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళింది. మీ ఇంటికేనా అని అడిగితే అద్దం పైకెత్తుకుంది.

రేవు నవల ముగింపు మీరు రాసినట్టే ఉందా? అక్క "ఆహా" అన్న తీరు నాకు నచ్చలేదు.

మీ బావమరిది


బైండింగు షాపు,
అక్టోబరు 4

బావమరిదికి,

నెల రోజులు నా చీటీ దాచినందుకు నిన్ను ఏమనాలో చాలా ఆలోచించాను. రాసి రెండుసార్లు చించాను. నేనూ ఒకటి దాచాను కాబట్టి ఊరుకుంటున్నాను. క్షమించానని అనుకోకు.

మీ అక్క సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి షాపుకి వచ్చింది. ఇంట్లోకి వెళ్ళలేదు. తను కూర్చునే పీట మీద నేను అట్టలు పేర్చాను, వాటిని దించి కూర్చుంది. "రెండోది ఇవ్వు" అంది. ఇచ్చాను. నా కుట్టు విప్పుతూ ముడి చూసి "ఇదేం ముడి" అంది. మైనం రాసి దారం అందించాను. రేవు సగాలు రెండూ ఒకచోట చేర్చింది, ఉప్పుమడుల సగాలు ఒకచోట చేర్చింది. కుట్టే ముందు రెండు వందల ఎనిమిదో పేజీ కిందా, తొమ్మిదో పేజీ పైనా వేలు పెట్టి పైకి చదివింది, రెండింట్లోనూ. నేను వినాలనే చదివింది. "ఆమె తలుపు దగ్గరగా వేసి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తీసి, లోపలున్న తెడ్డు అందుకుంది." ఇదీ అసలు వాక్యం. నీ తట్టా లేదు, ఉప్పూ లేదు.

రెండో పుస్తకం నేను కుడతానన్నాను. "నువ్వు ముట్టుకోకు" అంది.

అప్పుడు చెప్పాను. లైబ్రరీ ఆవిడ అన్న రెండో మాట అది. పుస్తకాలు ఇక బయటికి పంపరట, అక్కడే కూర్చుని బాగుచేసే మనిషి కావాలట, వెనకాల గది కూడా ఉందట, మీ ఆవిడ్ని పంపండి అంది. పదిహేను రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను ఆ మాట. మీ అక్క దారం కొస లోపలికి దోపుతూ "తెలుసు, ముందు అక్కడికే వెళ్ళొచ్చాను" అంది. "నువ్వు గంటన్నర కూర్చున్న బెంచీ కూడా చూపించారు" అంది. మరి ఇల్లో అన్నాను. ముడి వేస్తోంది. ఎడమ పక్కకే.

రేవు నవల ముగింపు నీకు అబద్ధం రాశాను. ఆమె తిరిగి రాదు. చివరి పేజీలో పడవ అవతలి ఒడ్డున కట్టి ఉంటుంది, మొగుడు ఇవతల నిలబడి పిలుస్తాడు, గాలి ఎదురుగా ఉంటుంది. వినపడిందో లేదో రచయిత చెప్పడు. ఉప్పుమడులది నువ్వు చెప్పలేదు. ఇప్పుడు రెండూ కుట్టి నా బల్ల మీద బరువు కింద ఉన్నాయి. నేనే చదువుకుంటాను. నువ్వు చెప్పనక్కర్లేదు.

"అట్టలు నువ్వు వెయ్యి. పై అంచు కొయ్యకు" అని చెప్పింది. తన సూదులు, దారం ఉండ, మడత వేసే ఎముక చెక్క తువ్వాలులో చుట్టుకుంది. నాలుగూ పదికి లైబ్రరీ వైపు వెళ్ళింది.

బావ